ఖాళీ గోతాల మీద పెట్టుబడి

కృష్ణా డెల్టాలో టైగర్ రొయ్యల మేత ధర ఎంత ఉండాలో ఒకప్పుడు నేను నిర్ణయించేవాణ్ణి. నేను తల అడ్డంగా ఊపితే డీలర్లు ధర తగ్గించేవారు, నిలువుగా ఊపితే లారీలు కదిలేవి. చల్లపల్లి నుంచి సముద్రం దాకా ఏ గట్టు మీద చూసినా నా మాటే చెల్లేది.

ఇప్పుడు నిజం చెబుతాను. నా చేతి కింద ఉన్నది ఒకే ఒక చెరువు. అదీ నాది కాదు, మా మావగారు కౌలుకు తీసుకున్నది. తల ఊపిన మాట వాస్తవమే గానీ అప్పట్లో నాకు మెడనొప్పి ఉండేది. అయితే ఒక్క పంటకాలంలో, ఒక్క రకం మేత ధర పెరగడానికి మాత్రం నేనే కారణం. ఈ ముక్కలో కల్తీ లేదు. అంటే సగం కారణం నేను. మిగతా సగం మా తోడల్లుడు.

తొంభైల మొదట్లో సంగతి ఇది. మా మావగారికి విజయవాడ పటమటలో ఇల్లూ, ఎరువుల కొట్టూ ఉండేవి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక టైర్ల షాపు పైన గది తీసుకుని, దానికి ఆఫీసని పేరు పెట్టారు. ఆయనకు కొడుకుల్లేరు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి భర్త మా తోడల్లుడు, చిన్నమ్మాయి భర్తను నేను. నేను అంతకుముందు మోటార్లు రిపేరు చేసే షాపు ఒకటి నడిపాను. రాష్ట్రంలో అంత పెద్ద షాపు లేదని చెప్పుకునేవాణ్ణి. లోపల ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సి వచ్చేది. దాన్ని మూసేసి, నాలుగు రోజులుండి పోదామని అత్తారింటికి వచ్చాను. ఆ నాలుగు రోజులు ఎప్పుడైపోయాయో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అత్తారింట్లో తిండికి లోటు లేదు, మర్యాదకు లోటు లేదు. లోటల్లా ఒక్కటే. ఆ ఇంట్లో ఏదీ నేను కొనేవాణ్ణి కాదు. నా బనియన్లు మా అత్తగారు కొనేవారు. నా చెప్పులు మావగారు కొనేవారు, షాపువాడికి నా కాలి కొలత ఆయనే చెప్పేవారు, నేను పక్కన అవే కాళ్ళతో నిలబడి ఉండగా. ఒకసారి తెగించి ఒక గొడుగు కొనుక్కొచ్చాను. ఇంటిల్లిపాదీ దాన్ని తెరిచి చూశారు, మూసి చూశారు. ఎంతకిచ్చాడని అడిగారు. చెప్పాను. ఒకరి మొహాలొకరు చూసుకుని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మర్నాడు మా అత్తగారు వెళ్ళి ఆ గొడుగు మార్చుకొచ్చారు, పైగా చిల్లర కూడా తెచ్చారు.

మా మావగారు కొనుగోళ్ళలో గట్టివారు. ఆయన పద్ధతి ఏమిటంటే కొనదలచుకున్న వస్తువు వైపు చూడకూడదు. టేబుల్ ఫ్యాను కావాలంటే షాపులోకి వెళ్ళి మిక్సీ ధర అడిగేవారు. మిక్సీని బాగా తిట్టి, లేచి గుమ్మం దాకా వచ్చి, అప్పుడు వెనక్కి తిరిగి 'ఆ మూలనున్న ఫ్యాను ఎవరైనా వదిలేసి వెళ్ళారా' అనేవారు. షాపువాడు అప్పటికే సగం ఓడిపోయి ఉండేవాడు. ఆయన్ని చూసి నేర్చుకుందామని నేనూ ఒకసారి మిక్సీని తిట్టాను. తిట్టీ తిట్టీ చివరికి మిక్సీనే కొనుక్కుని వచ్చాను.

ఎరువుల కొట్టు చూసుకుంటూనే మావగారు రొయ్యల్లోకి కూడా దిగారు. ఆ రోజుల్లో దిగనివాళ్ళెవరు. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళితే వరి చేలన్నీ చెరువులైపోతున్న కాలం. ఆయన పక్కపక్కనే రెండు చెరువులు తీసుకున్నారు, మధ్యలో ఒకటే గట్టు. ఇంతలో ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. బిల్లులో అంకెలు అలికినట్టు కనపడుతున్నాయని, ఒకరోజు భోజనాల దగ్గర మా ఇద్దరినీ చూసి అన్నారు.

"ఇక కొనుగోళ్ళు నావల్ల కాదు. కొట్టుకి, చెరువులకి, ఆఫీసుకి ఏం కొనాలన్నా చెక్కు మీద సంతకం మీలో ఒకరిది ఉంటుంది. ఎవరిదో మీరే తేల్చుకోండి."

మా తోడల్లుడు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "తేల్చుకోవడం అంటే ఎలాగండీ మావయ్యగారూ?"

"పెద్దల్లుడుగారికొక చెరువు, చిన్నల్లుడుగారికొక చెరువు. రెండిట్లోనూ ఒకే రొయ్యపిల్ల వేద్దాం, ఒకే రోజు వేద్దాం. పంట చివర్న ఎవరు మేత మీద తక్కువ ఖర్చు పెట్టి రొయ్యని బాగా పెంచితే సంతకం వాళ్ళది."

రొయ్యల సాగులో డబ్బంతా మేతలోనే పోతుంది. మేత కొనడం తెలిసినవాడికి ఇంకేదైనా కొనడం తెలిసినట్టే అని ఆయన లెక్క. నాకు మాత్రం ఆ క్షణంలో రొయ్యా కనపడలేదు, మేతా కనపడలేదు. చెక్కు మీద నా సంతకం కనపడింది. నేను వద్దంటే ఆగిపోయే వస్తువులు, నేను సరేనంటే ఇంట్లోకి వచ్చే వస్తువులు కనపడ్డాయి. ఓడిపోతే ఆఫీసులోకి బాల్‌పెన్ను కొనాలన్నా మా తోడల్లుణ్ణి అడగాలి. అది తలుచుకుంటే పెరుగన్నం దిగలేదు. రెండోసారి వడ్డించుకున్న పెరుగన్నం, ఉన్నమాట చెప్పాలి కదా.

మా తోడల్లుడు సామాన్యుడు కాదు. నన్ను తమ్ముడూ అనేవాడు, నేను అన్నయ్యా అనేవాణ్ణి. కానీ ఆయన పుచ్చకాయ కొనేటప్పుడు చూస్తే భయం వేసేది. కాయను చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టి, కళ్ళు మూసుకుని, లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు వినేవాడు. ఒక్కోసారి 'ఊఁ' అనేవాడు కూడా.

ఇక్కడ చెరువుగట్ల పద్ధతి ఒకటి చెప్పాలి. రొయ్యల రైతుని ఏం మేత వేస్తున్నారండీ అని అడిగితే నిజం చెప్పడు. 'ఏదో లెండి, దొరికింది' అంటాడు. అది అబద్ధం కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది. అందుకని ఎవరూ అడగరు. పొద్దున్నే పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని పక్కవాడి గట్టు మీద నడుస్తారు. అక్కడ ఖాళీ చేసిన మేత గోతాలు మడిచి పెట్టి ఉంటాయి. వాటి మీద బొమ్మ చూస్తారు. ఎవరి చెరువు బాగుంటే వాళ్ళ గోతాం మీది బొమ్మే మర్నాడు ఊరంతా కొంటుంది. డాక్టర్లు, ఇంజినీర్లు కూడా చెరువులు పెట్టారు, వాళ్ళూ అంతే. పుస్తకాలు చదివేవారు, సలహాదార్లను పెట్టుకునేవారు, చివరికి పళ్ళపుల్లతో గట్టెక్కేవారు.

అప్పుడు మార్కెట్లో ముఖ్యంగా రెండు రకాల మేత ఉండేది. ఒకటి విదేశాల నుంచి వచ్చేది. దాని గోతాం మీద కిరీటం బొమ్మ ఉండేది కాబట్టి అందరం కిరీటం మేత అనేవాళ్ళం. చాలా ఖరీదు. రెండోది ఇక్కడే తయారయ్యేది. దాని గోతాం మీద బొమ్మ లేదు, ధరలోనూ అంత పొగరు లేదు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. దాన్ని నేను తర్వాతి రోజుల్లో పెట్టుబడి సిద్ధాంతంగా ఒక కామర్సు లెక్చరరుకి వివరించాను. మన ఖర్చు తగ్గించుకోవడం ఒక పొదుపు, ఎదుటివాడి ఖర్చు పెంచడం అంతకంటే పెద్ద పొదుపు అని. ఆయన నోరు తెరుచుకుని విని, నోటు చేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన లెక్కల మాస్టారు, అది పెళ్ళి పంక్తి, నోరు తెరిచింది లడ్డూ కోసం. సిద్ధాంతం మాత్రం నిజమైనదే.

ఆలోచన ఇది. నా చెరువులో చవక మేత వెయ్యాలి. గట్టు మీద మాత్రం కిరీటం గోతాలు పెట్టాలి. మా తోడల్లుడు అవి చూసి కిరీటం మేత కొంటాడు. ఆయన ఖర్చు ఆకాశంలో ఉంటుంది, నాది నేల మీద ఉంటుంది. సంతకం నాది.

ఖాళీ కిరీటం గోతాల కోసం విజయవాడ వన్‌టౌన్‌లో పాత గోతాల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన గోతాల గుట్ట మీద కూర్చుని వక్కపలుకులు నములుతున్నాడు.

"ఉల్లిపాయలకా అండీ, ధాన్యానికా?" అన్నాడు.

"దేనికైతే ఏంటి. కిరీటం బొమ్మ ఉన్నవే కావాలి."

"గోతాం గట్టిదా కాదా చూసుకోవాలి గానీ బొమ్మతో పనేంటండీ. లోపల పోసేదానికి బొమ్మ కనపడదు కదా."

"బయట ఉండేవాళ్ళకి కనపడాలి."

ఆయన నన్ను పరిశీలనగా చూశాడు. "పెళ్ళికాండీ?"

పెళ్ళికి మేత గోతాలెందుకో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బొమ్మ ఉన్నందుకు మాత్రం ధర పెంచాడు. మావగారి పద్ధతిలో పక్కనున్న గోనెసంచిని కాసేపు తిట్టాను. ఫలితం లేదు.

చవక మేత ఎవరికీ తెలియకుండా బందరులో కొన్నాను. దాన్ని కిరీటం గోతాల్లోకి మార్చి, మూతి కుట్టాలి. ఎందుకంటే నిండు గోతాలు కూడా షెడ్డు గుమ్మంలోంచి కనపడుతుంటాయి. మధ్యాహ్నం కాపలా మనిషి భోజనానికి వెళ్ళగానే షెడ్డు తలుపేసుకుని, దబ్బనంతో కుట్టేవాణ్ణి. మొదటి రోజే దబ్బనం బొటనవేల్లో దిగింది. గుడ్డ చుట్టుకుని, ఆ వారం ఇంటికి వెళ్ళాను. వారమంతా ఎవరి చెరువు దగ్గర వాళ్ళున్నా, ఆదివారం భోజనాలకు అందరం పటమటలో కలవడం రివాజు.

అత్తగారు అన్నం వడ్డిస్తూ నా వేలు చూశారు. "ఏమైంది బాబూ?"

"గులాబీ ముల్లండీ."

"చెరువుగట్టు మీద గులాబీలెక్కడివి?" అని, అటు తిరిగి పెద్దల్లుడికి వడ్డించబోతూ ఆగిపోయారు. "మీకూ వేలికి గుడ్డేనా?"

"తలుపు సందులో పడిందండీ అత్తయ్యగారూ" అన్నాడు మా తోడల్లుడు, ఆ చెయ్యి బల్ల కిందికి దించుతూ.

ఇద్దరి బొటనవేళ్ళకీ గుడ్డలున్నాయి. ఆ మాత్రం చూసి గ్రహించలేకపోయానా అంటే గ్రహించలేదు. పైగా ఆయన మీద జాలిపడి, నా ముందున్న గోంగూర ఆయన వైపు జరిపాను. ఆయన అప్పడం నా ఆకులో వేశాడు. మావగారు నల్లకళ్ళద్దాల్లోంచి మమ్మల్ని చూసి, "అల్లుళ్ళు కలిసిపోయారే" అని మురిసిపోయారు. అప్పటికి ఆయనకు ఆపరేషన్ అయి కొన్నాళ్ళే అయింది, చూపు ఇంకా సరిగా ఆనలేదు.

తర్వాతి వారం చల్లపల్లిలో బస్సు దిగి, ఆటోలో చెరువు దగ్గరికి వెళ్ళి, పళ్ళపుల్లతో గట్టెక్కాను. మా తోడల్లుడి వైపు మడత పెట్టిన గోతాల మీద కిరీటం బొమ్మ. నాకు గట్టు మీద గంతులు వెయ్యాలనిపించింది. జారుతుందని ఆగిపోయాను. చేప గాలానికి చిక్కింది, ఇక సంతకం నాదే అనుకున్నాను. ఆయన అవతలి గట్టు మీద నుంచి చెయ్యి ఊపాడు. ఆయన మొహం కూడా ఎందుకో వెలిగిపోతోంది. ఖర్చు పెరిగినవాడి మొహం అలా ఉండదని నాకు తట్టలేదు.

కొద్దిరోజుల్లో చుట్టుపక్కల గట్లన్నిటి మీదా కిరీటాలు మొలిచాయి. ఒకే ఇంటి అల్లుళ్ళు, పోటీ మీద ఉన్నవాళ్ళు, ఇద్దరూ అదే వేస్తున్నారంటే ఊరికే వెయ్యరు కదా అని ఊరు లెక్క వేసింది.

ఇక్కడిదాకా నా తెలివి. ఇక్కడి నుంచి వేరే సంగతి.

రోజూ ఆ కిరీటాలు చూసీ చూసీ నాకొక అనుమానం పట్టుకుంది. మా తోడల్లుడు పుచ్చకాయతో మాట్లాడే మనిషి. అలాంటివాడు వారాల తరబడి అంత ఖరీదు మేత వేస్తున్నాడంటే అందులో ఏదో ఉండాలి. ఒక్కసారి మోసపోతాడు గానీ ఇన్ని గోతాలు మోసపోతాడా. ఊరంతా వేస్తోంది. ఊరంతా తెలివితక్కువదా. ఒక్క నా చెరువులోనే చవక రకం. పంట చివర్న ఆయన రొయ్య మొసలంత అయి, నాది ముక్కుపొడుమంత మిగిలితే ఖర్చు తగ్గించి ఏం లాభం.

ఆ ఆదివారం రాత్రి ఇంట్లో నా బాధ మా ఆవిడకు చెప్పుకున్నాను. ఆవిడకు గోతాల సంగతంతా ముందే చెప్పాను, లేకపోతే వేలికి మందు రాసేది కాదు.

"ఏవండీ, ఆ కిరీటం మేత గొప్పదని పుట్టించింది మీరే కదా" అంది.

"నేను పెట్టింది వేరు. నేను పెట్టింది అబద్ధం. అన్నయ్య వేసేది నిజం."

"మీ గోతాలు చూసేగా బావగారు కొన్నది."

"చూసి కొన్నాడో, తెలిసి కొన్నాడో మనకేం తెలుసు?"

"చూసే కొంటారనేగా మీరు పెట్టారు?"

"మొదట్లో చూసే కొనుంటాడు. తర్వాత తెలిసుంటుంది."

ఆవిడ "పడుకోండి, వేలు నీళ్ళల్లో తడపకండి" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడే చల్లపల్లిలో మేత డీలరు దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. జీవితంలో మొదటిసారి ఒక వ్యాపారస్తుడు నన్ను చూసి లేచాడు. సోడా తెప్పించాడు.

"కిరీటం మేత కావాలండీ" అన్నాను.

"మీకు కాకపోతే ఎవరికండీ. కాకపోతే సరుకు కొరతగా ఉంది, ధర కొంచెం పెరిగింది. మీరూ మీ అన్నయ్యగారూ అదే వేస్తున్నారని తెలిశాక జనం ఆగట్లేదండీ. అంతా మీ చలవే."

ధర పెరిగిందనగానే నా అనుమానం పూర్తిగా తీరిపోయింది. మంచి సరుకు కాకపోతే ధర ఎందుకు పెరుగుతుంది. మావగారి డబ్బుతో, పెరిగిన ధరకు, అసలైన కిరీటం మేత అసలైన కిరీటం గోతాల్లో తీసుకున్నాను. మూతి కుట్టే పని తప్పిందని ఆ క్షణంలో నాకు ఆనందం కూడా కలిగింది. డీలరు నా చేతిలో కంపెనీ క్యాలెండరు పెట్టి, చేతులు జోడించాడు.

రొయ్య పట్టే రోజుకు కొద్దిరోజుల ముందు, ఒక ఆదివారం, పటమట ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. బయట ట్రాలీ రిక్షా ఆగింది. వన్‌టౌన్ గోతాలాయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన్ని ఇంటికి రమ్మని నేను చెప్పలేదు, పటమట ఎరువుల కొట్టాయన అల్లుణ్ణని మాత్రం బేరంలో చెప్పుకున్నాను. అంతకుముందు అడ్వాన్సు ఇచ్చి, ఇప్పుడు అవసరం తీరిందని వెళ్ళడం మానేశాను.

"ఎవరు కావాలి?" అన్నారు మావగారు.

"అల్లుడుగారండీ. కిరీటం గోతాలకి అడ్వాన్సు ఇచ్చి మళ్ళీ కనపడలేదు. ఇటు వేరే పని మీద వస్తూ నేనే తెచ్చానండీ, మాట పోతుందని."

నేను ముద్ద చేతిలో పట్టుకుని మా తోడల్లుడి వైపు చూశాను, ఇక అయిపోయింది అన్నట్టు. ఆయన కూడా ముద్ద చేతిలో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు, అచ్చం అలాగే.

"ఏ అల్లుడుగారయ్యా?" అన్నారు మావగారు.

గోతాలాయన వంగి లోపలికి చూశాడు. నన్ను చూశాడు. మా తోడల్లుణ్ణి చూశాడు. "ఇద్దరూ ఉన్నారు కదండీ. చెరో కట్ట" అన్నాడు.

అత్తగారి చేతిలోని గరిటె నుంచి సాంబారు చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే వాళ్ళక్క కూడా వెళ్ళింది. అప్పుడు అర్థమైంది, ఆ అక్కకి కూడా ముందే తెలుసని. లోపల నుంచి ఇద్దరి నవ్వూ వినపడింది.

మావగారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"పెద్దల్లుడుగారూ, కిరీటం మేత మంచిదని మీకెవరు చెప్పారు?"

"తమ్ముడి గట్టు మీద చూశానండీ."

"అంతకుముందు మీ గట్టు మీద ఉన్నవి?"

"అవి... తమ్ముడు చూడ్డానికండీ."

"చిన్నల్లుడుగారూ, మీకెవరు చెప్పారు?"

"అన్నయ్య గట్టండీ."

"ఇప్పుడు రెండు చెరువుల్లోనూ ఏం పడుతోంది?"

"నిజం కిరీటమేనండీ" అన్నాం ఇద్దరం, ఒకే గొంతుతో.

ఇద్దరం ఒకే వారంలో, ఒకే కొట్టులో, ఒకే తెలివితో ఖాళీ గోతాలు కొన్నాం. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం నవ్వుకున్నాం. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం భయపడి, మేమే పెంచిన ధరకు సరుకు కొన్నాం. ఎవరు ముందు మొదలుపెట్టారన్నది ఈనాటికీ తేలలేదు. నేనే ముందని నేనంటాను, తనే ముందని ఆయనంటాడు.

వలలు వేసి పంట పట్టారు. రెండు చెరువుల్లో రొయ్య ఒకటే సైజు, ఖర్చూ ఇంచుమించు ఒకటే. మావగారు ఆఫీసులో మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి తీర్పు చెప్పారు. "ఏ ఒక్కరికిచ్చినా కొంప మునుగుతుంది. ఇద్దరి సంతకాలూ ఉంటేనే చెక్కు చెల్లుతుందని బ్యాంకులో రాసిచ్చాను. ఇక మీ ఇష్టం."

అలా నాకు సగం సంతకం వచ్చింది.

ఆ తర్వాత మా కొనుగోళ్ళు ఎలా జరిగాయంటే, జరగలేదు. పిల్లకీ, మేతకీ, కొట్టు సరుక్కీ మావగారే మమ్మల్ని కూర్చోబెట్టి సంతకాలు పెట్టించేవారు గానీ, కొత్త వస్తువు ఒక్కటీ కదల్లేదు. చుట్టుపక్కలవాళ్ళంతా అప్పులు తెచ్చి కొత్త చెరువులు తవ్వుతున్నారు, నీళ్ళు చిలికే ఏరేటర్లు కొంటున్నారు, జనరేటర్లు కొంటున్నారు. మేమూ ఏరేటర్లు కొనాలని నిశ్చయించుకున్నాం. నీళ్ళ మీద తేలే వాటి తెప్పలు పసుపు రంగులో ఉన్నవి నాకు నచ్చాయి. ఆయనకు నీలం రంగువి నచ్చాయి.

"పసుపైతే దూరానికి కనపడుతుంది అన్నయ్యా."

"ఎవరికి కనపడాలి తమ్ముడూ? మళ్ళీ గట్టు మీదవాళ్ళకా?"

"నీలం నీళ్ళల్లో కలిసిపోతుంది. ఎవడైనా ఎత్తుకుపోయినా తెలీదు."

"చెరువులో నీళ్ళు ఎప్పుడైనా నీలంగా ఉన్నాయా? ఆకుపచ్చవి అడుగు, ఒప్పుకుంటాను."

ఆకుపచ్చవి ఎవరూ తయారు చెయ్యరని ఇద్దరికీ తెలుసు. జనరేటరు విషయంలో ఆయన శబ్దం విని కొంటానన్నాడు, నేను బరువు చూసి కొంటానన్నాను. పాత జీపు ఒకటి బేరానికి వస్తే దాని ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్న దగ్గర ఆగింది. కొత్త చెరువులకు కౌలు మాట్లాడబోతే ఆయన తూర్పు వైపువి అన్నాడు కాబట్టి నేను పడమర అన్నాను. నెలనెలా మావగారు ఏం కొన్నారని అడిగేవారు. ఇంకా మాట్లాడుకుంటున్నామండీ అని చెప్పేవాళ్ళం.

అప్పుడు వచ్చింది రొయ్యలకు తెల్లమచ్చల రోగం. పొద్దున బాగున్న చెరువు సాయంత్రానికి ఒట్టిపోయేది. మా రొయ్యలూ పోయాయి. మాకు పోయింది రొయ్యలే. పక్కవాళ్ళకు రొయ్యలు పోయి, అప్పులూ చెరువులూ యంత్రాలూ మిగిలాయి. బందరు రోడ్డు పొడుగునా షెడ్ల ముందు పసుపు ఏరేటర్లూ నీలంవీ కలిపి గుట్టలు పోసి అమ్మకానికి పెట్టారు. ఆ గుట్టల పక్క నుంచి బస్సులో వెళ్ళేటప్పుడు నేను కిటికీ వైపు కూర్చునేవాణ్ణి కాదు.

జనం మా దగ్గరికి వచ్చి అడిగారు, అందరూ కొంటుంటే మీరు ఎలా ఆగారండీ అని. నేను ఊరుకుంటానా. గాలి వాసన పట్టి ఆగాను అన్నాను. నీటి రంగు చూసి ముందే పసిగట్టాను అన్నాను. విస్తరణకు ఒక సమయం, నిగ్రహానికి ఒక సమయం ఉంటాయని బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒకాయన నన్ను తన కంపెనీకి సలహాదారుగా రమ్మన్నాడు. ఇది మాత్రం జరిగింది. కంపెనీ అంటే బడ్డీకొట్టు, అంతే తేడా.

ఒకరోజు మావగారు మళ్ళీ మా ఇద్దరినీ ఆఫీసుకు పిలిచారు. చూపు బాగా వచ్చింది గానీ వయసు మీద పడింది. బల్ల మీద బ్యాంకు కాగితం ఒకటి పెట్టారు.

"ఇద్దరి పేర్లతో బ్యాంకువాళ్ళు విసుక్కుంటున్నారు. ఒక్కరి పేరు పెడదాం. ఊళ్ళో చిన్నల్లుడుగారి ముందుచూపు గురించే చెప్పుకుంటున్నారు. మీరు పెట్టండి సంతకం."

మా తోడల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. టీ కొట్లో నేను చెప్పుకున్నదంతా ఆయన విన్నాడు, ఒక్కసారి కూడా కాదనలేదు. మావగారు పెన్ను మూత తీసి నా చేతికిచ్చారు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది ఆ కాగితం మీద, నా పేరు పక్కన ఖాళీగా ఉంది.

ఆ సంతకం మొదట్నుంచీ నా ఒక్కడిదే అయితే ఏమయ్యేదో నాకు తెలుసు. మొదటి నెలలోనే పసుపు ఏరేటర్లు వచ్చేవి. ముందు సీట్లో కూర్చుని జీపులో వెళ్ళి పడమర చెరువులన్నీ రాయించుకునేవాణ్ణి. ఈ ఇల్లు, కొట్టు, అత్తగారు బనియన్లు కొనే డబ్బు, అన్నీ ఆ బందరు రోడ్డు గుట్టల్లో ఉండేవి. అడ్డం పడింది నా ముందుచూపు కాదు, నీలం రంగు.

"అన్నయ్య అనుభవజ్ఞుడు, ఆయన లేకుండా నేను సంతకం చెయ్యను" అని గంభీరంగా పెన్ను బల్ల మీద పెట్టేశానని మా ఇంట్లో పిల్లలందరికీ చెప్పాను. అలా అనలేదు. "వద్దండీ మావయ్యగారూ. భయంగా ఉంది" అన్నాను.

మావగారు పెన్ను తీసుకుని పెద్దల్లుడి వైపు జరిపారు.

మా తోడల్లుడు కిటికీ వదిలి ఇటు తిరిగాడు, పెన్ను ముట్టుకోలేదు.

"నాకూ అంతేనండీ" అన్నాడు.